ఊపిరి తక్కువ వీధి

యాకోబు ఆ ఉదయం పరిశోధనశాలకి వస్తూనే, భుజాన ఉన్న సంచిలోంచి ఒక బూడిదరంగు పెట్టె తీసి హిమజ బల్ల మీద పెట్టాడు. కొబ్బరికాయంత పెట్టె. ముందువైపు ఒక గాజు కన్ను. బెజవాడ వీధుల్లో దీపస్తంభాలకు బిగించిన నాలుగువేల పెట్టెల్లో అదొకటి.

"దీన్ని మూడోసారి మార్చాను మేడమ్," అన్నాడు. "మూడు పెట్టెలూ ఒకటే మాట చెప్తన్నయ్. మా వీధిలో జనం తగ్గిపోతన్నారంట."

"నిజంగానే తగ్గుతున్నారేమో యాకోబు గారూ."

"యాడికి పోతారు మేడమ్? మా అమ్మ అక్కడే ఉంది. పక్కింటి ఏసుబాబు అక్కడే ఉన్నాడు. ఇల్లు ఖాళీ చేసినోళ్ళు ఒక్కళ్ళు లేరు. లారీలు మాత్రం రోజురోజుకీ పెరిగిపోతన్నయ్."

యాకోబు విశ్వవిద్యాలయంలో రవాణా పరిశోధన విభాగానికి పన్నెండేళ్ళుగా ఫిట్టరు. స్తంభాలెక్కి పెట్టెలు బిగించేదీ, చెడిపోతే విప్పి తెచ్చేదీ అతనే. ఊరికే మాట్లాడే మనిషి కాదు. అందుకే హిమజ చేతిలో పని పక్కన పెట్టి, పెట్టెకి కంప్యూటరు తీగ తగిలించింది.

"ఒకసారి ఊపిరి వదలండి."

యాకోబు వంగి గాజు కన్ను ముందు నాలుగైదుసార్లు ఊపిరి పీల్చి వదిలాడు. తెర మీద ఒకటి అని పడింది. హిమజ కూడా అతని పక్కన వంగింది. ఒకటి కాస్తా రెండయింది.

"బాగానే ఉందే పెట్టె!"

"అదే కదా నేనూ అనేది," అన్నాడు యాకోబు.

బెజవాడకి సరుకు రాక తప్పదు. కూరగాయలు, సిమెంటు, మందులు, ఫ్రిజ్‌లు, పార్సిళ్ళు, తెల్లారి లేస్తే ఊరు కోరేదల్లా ఏదో ఒక లారీ మీదే రావాలి. లారీ వస్తే పొగ వస్తుంది. కరెంటు లారీలు కొన్ని వచ్చాయి కానీ, డీజిలువి పూర్తిగా పోవడానికి ఇంకో ఇరవయ్యేళ్ళు పడుతుందని అందరూ అనేవారు. "పొగని ఆపలేకపోతే పోనీ, ముక్కులు తక్కువున్న వైపుకి తోలుదాం" అని ప్రొఫెసర్ నరహరి గారు ఒకరోజు టీ తాగుతూ అన్నారు. ఆ మాటని యంత్రంగా మార్చింది హిమజ. మనిషి వదిలే గాలిలో తడీ వేడీ ఒక లయ మీద వస్తాయి. పొగకి ఆ లయ ఉండదు. గాజు కన్ను ఆ లయని పట్టుకుంటుంది. ఏ వీధిలో ఎంత ఊపిరి ఆడుతోందో, గాలి ఎటు వీస్తోందో అయిదు నిమిషాలకోసారి లెక్కగట్టి, కూడళ్ళలో పచ్చబాణాలు వెలిగిస్తుంది. లారీలవాళ్ళు బాణం చూపినవైపే పోవాలి. కాగితాల మీద దాని పేరు వాయుపథం. ఊళ్ళో అందరూ బాణం లైట్లనే అంటారు.

కెమెరాలు లేవు. ఎవరి ఫోన్ల మీదా నిఘా లేదు. ముఖం చూడదు, పేరడగదు, ఊపిరొక్కటే చూస్తుంది. ఆ సంగతి చెప్పేటప్పుడు హిమజ గొంతులో కాస్త గర్వం పలికేది. పలకదూ మరి! పది నెలల్లో పెద్దాసుపత్రికి ఉబ్బసంతో వచ్చే పిల్లల సంఖ్య మూడో వంతు తగ్గింది. ఆమె కూతురు తన్మయికి ఏడేళ్ళు. నిరుడు రెండంతస్తుల మెట్లెక్కడానికి మూడుసార్లు ఆగేది. ఇప్పుడు బడిలో పరుగుపందేనికి పేరిచ్చి వచ్చింది.

ఆ ఉదయం పది గంటలకే హిమజ యాకోబు బండి వెనక కూర్చుని వాళ్ళ వీధికి బయలుదేరింది.

కాలువ గట్టు పక్కన, ఎప్పుడో మూతబడిన జూట్ మిల్లు తాలూకు క్వార్టర్లవి. రెండు వరుసల పెంకుటిళ్ళు, నడుమ ఒక రోడ్డు. ఇళ్ళలో ఉన్నది చాలావరకు ఆ మిల్లులో పాతికేళ్ళు, ముప్ఫయ్యేళ్ళు పనిచేసినవాళ్ళు. రోడ్డు మొదట్లోనే యాకోబు బండి ఆపెయ్యాల్సి వచ్చింది. ఒకదాని వెనక ఒకటి లారీలు. గోడలకి నడుమెత్తు దాకా నల్లటి పూత. దండేల మీద ఒక్క బట్టా లేదు. ఇక్కడెవరూ బట్టలు బయట ఆరెయ్యడం మానేసి ఆరు నెలలైందని యాకోబు చెప్పాడు.

అరుగు మీద ఒక పెద్దామె బియ్యం ఏరుతోంది. చేట మీద తడిగుడ్డ కప్పి, చేతికందినంత మేర తెరిచి, ఏరి, మళ్ళీ కప్పుతోంది.

"మా అమ్మ, మార్తమ్మ," అన్నాడు యాకోబు. "అమ్మా, మా మేడమ్. ఈ బాణం లైట్లు చేసింది ఈవిడే."

మార్తమ్మ తలెత్తి చూసింది. కోపంగా చూస్తుందేమోనని హిమజ భయపడింది. "చిన్నపిల్లవే! రా అమ్మా, లోపల కూర్చో. ఈ గాలికి బయటెందుకు," అందామె. ఆ నాలుగు మాటలకీ నడుమ రెండుసార్లు ఆగింది.

హిమజ కూర్చోలేదు. పుస్తకం తీసుకుని ఇల్లిల్లూ తిరిగింది. అరవైనాలుగిళ్ళు. ఆ గంటలో వీధిలో ఉన్నవాళ్ళు నూట డెబ్బయ్యొక్కమంది. ఫోన్ తీసి వాయుపథం లెక్క చూసింది. తొంభై నాలుగు. పాత లెక్కలు తీసింది. పది నెలల కిందట అదే వీధి నూట ముప్ఫయ్యొకటి. అప్పుడు గంటకి ఇరవైరెండు లారీలు. ఇప్పుడు డెబ్బయ్యొకటి.

ఆమెకి అర్థం కాలేదు. నూట డెబ్బయ్యొక్కమంది ఎదురుగా కనిపిస్తూంటే, తొంభై నలుగురు ఎలా అవుతారు? చేత్తో పట్టుకునే చిన్న పెట్టె సంచిలో ఉంది. తీసి మార్తమ్మ ముందు పెట్టింది.

"మామూలుగా ఊపిరి తీసుకోండి."

పెట్టె చాలాసేపు తటపటాయించి, సున్నా పాయింట్ నాలుగు అని చూపించింది. పక్కింటి ఏసుబాబుకి సున్నా పాయింట్ అయిదు. ఎదురింట్లో మంచం మీద పడుకున్న ముసలాయనకి సున్నా పాయింట్ మూడు. జూటు ధూళి ఈ మనుషుల ఊపిరితిత్తుల్ని ఏనాడో గట్టిపరిచేసింది. గుండెనిండా గాలి తీసుకోలేరు. పెట్టె లెక్కపెట్టేది తలల్ని కాదు, ఊపిరిని. ఊపిరి తక్కువున్న వీధిని అది జనం తక్కువున్న వీధి అనుకుంది. లారీల్ని పంపింది. లారీల పొగకి ఊపిరి ఇంకా తగ్గింది. తగ్గేకొద్దీ ఇంకా పంపింది.

"నా వంతు ఎంతొచ్చిందమ్మా?" అని మార్తమ్మ అడిగింది.

హిమజకి అబద్ధం చెప్పాలనిపించింది. "సగం కంటే కొంచెం తక్కువండీ."

"పోన్లే," అంది మార్తమ్మ. "అసలు లేనని చెప్పలేదుగా."

ఆ మధ్యాహ్నం ప్రొఫెసర్ నరహరి గారు అంతా విన్నారు. ఆయనకి అరవై దాటాయి. తన విద్యార్థులు చెప్పేది మధ్యలో తుంచకుండా వినడం ఆయన అలవాటు. విన్నాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"తప్పెక్కడుంది హిమజా? చూపించు. ఈ క్షణమే ఆపేద్దాం."

"వాళ్ళని సగం మనుషులుగా లెక్కేస్తోంది సార్."

"మనుషుల్ని లెక్కెయ్యమని మనం దానికి చెప్పలేదమ్మా. ఊరు మొత్తం మీద లోపలికి పోయే పొగ అతి తక్కువగా ఉండాలని చెప్పాం. తక్కువ పీల్చేవాళ్ళున్న చోటికి లారీని పంపితే తక్కువ పొగ లోపలికి పోతుంది. అబద్ధమా?"

"నిజమే సార్. కానీ చెడిపోయిన ఊపిరితిత్తికి ఆ కొంచెం పొగే ఎక్కువ చేటు చేస్తుంది కదా!"

"చేస్తుంది. ఎంత ఎక్కువ? రెండింతలా, పదింతలా? ఆ అంకె ఇయ్యి, లెక్కలో కలుపుదాం."

ఆ అంకె ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. కావాలంటే ఆ వీధివాళ్ళని ఇంకో రెండేళ్ళు అదే పొగలో ఉంచి కొలవాలి. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తోచినట్టుంది, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"నేను కఠినంగా మాట్లాడుతున్నానని అనుకోకు," అన్నారాయన. "నాకూ ఏం తోచడం లేదు. తలల లెక్కన నడిపితే ఏమవుతుందో ఒకసారి వేసి చూడు."

వేసి చూసింది. మనిషికి ఒకటి చొప్పున లెక్కేస్తే జూట్ మిల్లు వీధికి గంటకి పద్నాలుగు లారీలే వస్తాయి. మిగిలినవి ఊరంతా చెదురుతాయి. ఊరు మొత్తం పీల్చే పొగ నూటికి తొమ్మిది పాళ్ళు పెరుగుతుంది. నెలకి మరో అరవైమంది పిల్లలు ఆయాసంతో ఆసుపత్రికి రావచ్చు. ఎవరి పిల్లలన్నది యంత్రం చెప్పలేదు. ఏ వీధులన్నది మాత్రం చెప్పింది. పటంలో ఎర్రబడ్డ వీధుల్లో ఒకటి తన్మయి బడి ముందున్న రోడ్డు. ఇంకొకటి హిమజ ఇల్లున్న వీధి.

ఆమె ఆ పటాన్ని మూసేసింది. మళ్ళీ తెరిచింది. లెక్కలో ఎక్కడైనా పొరపాటు దొరికితే బాగుండునని మూడురోజులు వెతికింది. దొరకలేదు. పదేళ్ళుగా ఆమె పొరపాట్లు దొరక్కూడదని వెతికేది. ఇప్పుడు దొరకాలని వెతుకుతోంది.

ఇంట్లో ఎవరికీ చెప్పకూడదనుకుంది. కానీ భర్త శశిధర్‌కి మందుల షాపుంది. ఆ ఆదివారం భోజనాల దగ్గర అతనే ఎత్తాడు ఆ మాట.

"ఈ ఏడాది ఇన్హేలర్లు అడిగేవాళ్ళు బాగా తగ్గారు తెలుసా? నిన్న డిస్ట్రిబ్యూటరు ఏమైందండీ అని అడిగితే, మా ఆవిడ చేసిన పని అన్నాను."

హిమజ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. తర్వాత చెప్పకుండా ఉండలేకపోయింది. మార్తమ్మ గురించి, సున్నా పాయింట్ నాలుగు గురించి, ఎర్రబడ్డ వీధుల గురించి, అన్నీ చెప్పింది.

తన్మయి పక్కగదిలో తాడాట ఆడుతోంది. నేల మీద కాళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ముప్ఫై, ముప్ఫయ్యొకటి, ముప్ఫైరెండు అని పైకే లెక్కపెట్టుకుంటోంది. నిరుడు పది దాటేది కాదు.

శశిధర్ ఆ లెక్క వింటూ కూర్చున్నాడు. "నువ్వు నన్ను అడక్కు," అన్నాడు చివరికి. "అడిగితే ఆపొద్దనే చెప్తాను. ఆమె ఎవరో నాకు తెలియదు, ఇది నా కూతురు. నేను చెడ్డవాణ్ణయినా సరే, అదే చెప్తాను. అందుకే అడక్కు."

హిమజ అడగలేదు. కోప్పడనూ లేదు. తనలో ఉన్న మాటే అతను బయటికన్నాడని ఆమెకి తెలుసు.

ఆ మరుసటి వారం యాకోబు మేనకోడలికి ప్రధానం జరిగింది. క్వార్టర్ల మధ్య రోడ్డు పక్కగా షామియానా వేశారు. ఏలూరు నుంచీ గుడివాడ నుంచీ మూడొందలమంది చుట్టాలు దిగారు. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టిన కాసేపటికి వీధి చివర కూడలిలో పచ్చబాణం ఆరిపోయి, పక్క రోడ్డుకి వెలిగింది. ఒక్క లారీ లోపలికి రాలేదు. భోజనాలై, చుట్టాలు వెళ్ళేదాకా మూడు గంటలపాటు వీధి నిశ్శబ్దంగా ఉంది. చుట్టాల బస్సు కదిలిన పది నిమిషాలకి మళ్ళీ లారీల వరస మొదలైంది.

వీధిలోవాళ్ళేమీ తెలివితక్కువవాళ్ళు కారు. మర్నాడు యాకోబు హిమజ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, ఆ పెట్టె ఊపిరి చూసేగా లారీల్ని పంపిద్ది? జనం ఎక్కువుంటే ఆపిద్ది, అంతేగా?"

"అవును."

"మావాళ్ళ ఊపిరి తక్కువని మాకు పంపిస్తందా?"

హిమజ తల దించుకుంది. "అవును యాకోబు గారూ. తెలిసి పెట్టింది మాత్రం కాదు."

యాకోబు వెళ్ళి వీధిలో చెప్పాడు. ఆ మర్నాటి నుంచి క్వార్టర్ల మధ్య రోడ్డు మీద కొత్త సందడి మొదలైంది. పక్కపేటల ఆడపిల్లల కబడ్డీ జట్టుని సాయంత్రాలు ఇక్కడే ఆడమని బతిమాలి తెచ్చుకున్నారు. చర్చి పాటల సాధన స్తంభం కిందికి మారింది. కూతుళ్ళనీ అల్లుళ్ళనీ పిలిపించుకున్నారు. పరిశోధనశాలలో హిమజ తెర మీద ఆ వీధి అంకె తొంభై నుంచి రెండొందలకి, మూడొందలకి లేచేది. లారీలు మళ్ళేవి. మళ్ళి, మరో కాలువ దాటి, తన్మయి బడి ముందునుంచి పోయేవి. పాటలు అయిపోగానే మళ్ళీ మిల్లు వీధికే వచ్చేవి. ఆడి ఆడి రొప్పుతూ ఇళ్ళకి మళ్ళే పిల్లలు సరిగ్గా ఆ పొగకే ఎదురుపడేవారు.

ఎవరికి మేలు జరుగుతోందో, ఎవరికి కీడు జరుగుతోందో హిమజకి అంతుపట్టకుండా పోయింది. "ఇది లెక్క పాడైపోవడమే," అన్నారు ప్రొఫెసర్. "అక్కడివాళ్ళకి చెప్పడం మన పొరపాటు." "చెప్పకపోవడం?" అని ఆమె అడిగింది.

గురువారం ఉదయం పదకొండింటికి యాకోబు ఫోన్ చేశాడు. మాట తడబడుతోంది.

"అమ్మ పడిపోయింది మేడమ్."

పగటిపూట వీధిలో పిల్లలుండరు, చుట్టాలుండరు. లారీలు ఎడతెరిపి లేకుండా వస్తున్నాయట. మార్తమ్మ అరుగు దిగి, స్తంభం కిందికి పోయి, కొంగు నడుముకి దోపుకుని, గాజు కన్ను వైపు ముఖమెత్తి, గట్టిగా ఊపిరి పీల్చి వదలడం మొదలుపెట్టింది. ఎవరో "ఏంటత్తా ఆ పని" అంటే, "ఒకటి చూపిస్తా ఉండు" అందట. పది నిమిషాలు అలా చేసింది. పదకొండో నిమిషానికి కూలిపోయింది.

హిమజ ఆసుపత్రికి బయలుదేరే ముందు ఆ స్తంభం లెక్క తెరిచి చూసింది. పదీ నలభై నుంచి పదీ యాభై దాకా ఆ పెట్టె ముందు ఒకే ఒక్క ఊపిరి లయ ఉంది. సున్నా పాయింట్ నాలుగు. అయిదు. ఆరు. ఒక్కసారి, ఒకే ఒక్క నిమిషం, సున్నా పాయింట్ ఏడు. తర్వాత ఏమీ లేదు. గీత అడుక్కి వచ్చేసింది.

ఆమె ఆ గీతని కాగితం మీద అచ్చు తీసింది. ప్రొఫెసర్ గదిలోకి వెళ్ళి ఆ గీతని ఆయన ముందు పెట్టింది.

"అంకె అడిగారుగా సార్. నా దగ్గరున్న అంకె ఇదొక్కటే."

ఆయన ఆ కాగితాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూశారు. "దీన్ని ఎందులో కలపాలో నాకు తెలియదమ్మా."

"నాకూ తెలియదు సార్. మనిషికి ఒకటి చొప్పున లెక్కేద్దాం. తలలు లెక్కపెట్టడానికి పెట్టెలో మార్పు చేశాను. ఊపిరి ఎంతున్నా సరే, లయ ఉంటే ఒకటి."

"ఆ అరవైమంది పిల్లలు?"

"వస్తారు. ఆ సంగతి నివేదిక మొదటి పేజీలోనే రాస్తాను. నా పేరుతో రాస్తాను."

"వాళ్ళలో మీ అమ్మాయి ఉండొచ్చు."

హిమజ ఔనని తలాడించింది. ప్రొఫెసర్ కలం తీసి సంతకం చేశారు. చేశాక కూడా కలం మూత పెట్టకుండా ఆ సంతకం వంకే చూస్తూ ఉండిపోయారు.

మార్తమ్మ బతికింది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉండి, ముక్కుకి సన్నటి గొట్టంతో, పక్కన గుయ్యిమనే ఆక్సిజన్ యంత్రంతో ఇంటికి చేరింది. మూడు వారాల తర్వాత హిమజ చూడ్డానికి వెళ్ళింది. రోడ్డు తేలికపడింది. ఒకరిద్దరు దండేల మీద బట్టలారేశారు. మార్తమ్మ గుమ్మంలో మంచం వేయించుకుని ఉంది.

"గంటకి పదమూడు, పద్నాలుగు వస్తన్నయ్," అందామె. "కూర్చుని లెక్కెడతన్నా. మరి మిగిలినయ్యన్నీ యాడికి పోతన్నయ్?"

"ఊరంతా పంచామండీ. మా వీధిక్కూడా వస్తున్నాయి."

"మీ పాపకి ఆయాసమంటగా. మావాడు చెప్పాడు."

"మొన్న మళ్ళీ వచ్చింది. పందెంలో పరిగెత్తలేదు. పొగకి వచ్చిందో, జలుబుకి వచ్చిందో తెలియదు. డాక్టరు గారూ చెప్పలేకపోయారు."

మార్తమ్మ గొట్టం సరిచేసుకుంది. "తెలిసే చేశావా?"

"తెలిసే చేశానండీ. మంచి పనో కాదో మాత్రం తెలియదు."

"నాకు ఊపిరాడతంది. అందుకని మంచి పనే అనాల. మీ పాప సంగతి ఇంటే అట్టా అనబుద్ధి కావట్లా." కాస్త ఆగి అంది, "రెండూ నిజమేనేమో. నాకు తెలీదులే తల్లీ."

అప్పుడే వీధి చివర కూడలిలో ఒక లారీ బాణం కోసం ఆగింది. మిరపకాయ బస్తాల లోడు. డ్రైవరు తువ్వాలు ముక్కుకి చుట్టుకుని ఉన్నాడు. దాన్ని కిందికి లాగి, కిటికీలోంచి తల బయటపెట్టి, ఒళ్ళంతా కదిలేలా దగ్గాడు. ఆ దగ్గు మార్తమ్మ మంచం దాకా వినబడింది.

"ఆయన్ని లెక్కేశారామ్మా?" అంది మార్తమ్మ.

హిమజకి వెంటనే అర్థం కాలేదు. "ఎవరిని?"

"ఆ తోలే మనిషిని. పొగంతా ఆయన వెనకే పోదుగా. ముందు ఆయనకేగా."

ఈ యంత్రం పని మొదలుపెట్టిన రెండో ఏట ఒక నియమం హిమజే స్వయంగా రాసింది. బండి వేగంతో కదిలే ఊపిరిని వదిలెయ్యాలి. బస్సుల్లో, కార్లలో పోయేవాళ్ళని కలిపితే ఏ వీధి లెక్కా నిలవదని అలా రాసింది. పెట్టెలన్నీ ఆ మాట తూచా తప్పకుండా పాటించాయి. ఊపిరి లెక్కలోనూ పాటించాయి, ఇప్పటి తలల లెక్కలోనూ పాటిస్తున్నాయి. రోజుకి ఊళ్ళో తిరిగే ఎనిమిదివేలమంది లారీ డ్రైవర్లు ఒక్కరోజు కూడా ఏ వీధిలోనూ లేరు.

ఆమె లేచి లారీ దగ్గరికి నడిచింది. డ్రైవరు యాభైయేళ్ళ మనిషి, బొట్టుతో, ఎర్రబడ్డ కళ్ళతో ఉన్నాడు.

"ఎంతసేపైందండీ లోపల తిరగబట్టి?"

"పొద్దున్న ఆరింటికి ఊళ్ళోకొచ్చానమ్మా. వన్‌టౌన్‌లో దించాలి. బాణాలు లేనప్పుడు ముప్పావుగంట పట్టేది. ఇప్పుడు చుట్టూ తిప్పుతున్నాయి, రెండు గంటలు, రెండున్నర గంటలు. మొన్నటిదాకా ఈ వీధొక్కటే అడ్డదారి. ఇప్పుడదీ పోయింది." అతను ఆమె మెడలోని గుర్తింపు కార్డు చూశాడు. "మీరు ఆఫీసువాళ్ళా? ఫిర్యాదేమీ లేదు మేడమ్, అడిగారు కాబట్టి చెప్పాను."

"మీ పేరు?"

"బైరాగినాయుడు. ఏం, నేనేం చెయ్యలేదే!"

"మీరేం చెయ్యలేదు," అంది హిమజ. ఏం చెయ్యాలో ఆమెకీ తెలియలేదు. డ్రైవర్లని లెక్కలో చేరిస్తే లారీ ఎక్కడుంటే అక్కడ ఊపిరి ఎక్కువవుతుంది, ఏ దారీ దారి కాకుండా పోతుంది. దగ్గర దారిన పంపితే డ్రైవరు బతుకుతాడు, ఆ దారిలో ఎవరో ఒకరు ఉంటారు. ఎవరుంటారో పటంలో చూడొచ్చు. ఆ పటం గీసే గది ఏసీ గది అని ఆమెకి ఆ క్షణాన గుర్తొచ్చింది. ఈ పదేళ్ళలో తను ఒక్కసారీ లారీ ఎక్కలేదని కూడా గుర్తొచ్చింది.

"వన్‌టౌన్ దాకా నన్ను తీసుకెళ్తారా?"

"ఇందులోనా?" బైరాగినాయుడు నమ్మలేనట్టు చూశాడు. తర్వాత అటువైపు సీటు మీద ఉన్న క్యారేజీనీ నీళ్ళసీసానీ వెనక్కి నెట్టి, తలుపు తీశాడు. మెట్టు బాగా ఎత్తులో ఉంది. చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, రెండు ప్రయత్నాల తర్వాత హిమజ ఎక్కగలిగింది. కాళ్ళ కింద ఇంజను వేడి చెప్పుల్లోంచి తగిలింది. డీజిలు వాసనా మిరపకాయల ఘాటూ కలిసి గొంతులో పడి ఆమెకి పొర పోయింది.

"ఏమ్మా! యాడికి?" మార్తమ్మ గుమ్మంలోంచి కేకేసింది. కేకకి చాలినంత ఊపిరి లేక మాట సగంలో ఆగింది. హిమజకి మాత్రం మొత్తం వినిపించింది.

"తెలియదండీ!" అని జవాబు కేకేసింది.

కూడలిలో బాణం ఎడమకి వెలిగింది. బైరాగినాయుడు గేరు వేశాడు.